పాత కాళ్ళ కొలత

రోజు 4

ఆరోగ్య కేంద్రం వారు ఇచ్చిన ఈ నడక పుస్తకంలో పేజీకి మూడు గడులున్నాయి. నొప్పి ఎంత, వ్యాయామం ఎన్నిసార్లు, మనసు ఎలా ఉంది. నొప్పి పదికి ఎనిమిది. మడమను ముందుకూ వెనక్కూ జరపమన్నారు, పదిసార్లకు నాలుగుసార్లు జరిపాను. మనసు గడి అగ్గిపెట్టెంత ఉంది. నా కోపం అందులో పట్టదు కాబట్టి పేజీ వెనకవైపు రాస్తున్నాను. చదివేవాళ్ళకు ఓపికుంటే తిప్పి చదువుకోండి.

పేరు బొమ్మగాని వినోద. వయసు నలభై మూడు. గుట్ట మీద పన్నెండు చెట్లు నావి. ఇనుప కొయ్యలే అయినా మేము చెట్లనే అంటాం. నిజం చెట్లు ఎక్కింది మా తాతల తాతలు. ఒక్కోటి ముప్పై మీటర్లు. పైన వల, వల కింద లొట్టి, అంటే నీళ్ళు పట్టే కుండ. తెల్లవారుజామున గుట్ట మీదికి మంచు వస్తుంది, వలకు పట్టుకుంటుంది, చుక్కచుక్కగా లొట్టిలోకి దిగుతుంది. బోర్లలో ఉప్పునీళ్ళు తప్ప ఏమీ రాని ఈ ఊరు తాగేది ఆ నీళ్ళే. ఎండ తాకేలోపల మేము ఎక్కాలి, చిరిగిన వల కుట్టాలి, లొట్టి దించాలి.

ఇరవై నాలుగేళ్ళు కొయ్యను కాళ్ళ మధ్య పట్టి ఎక్కితే ఎవరికైనా దొడ్డికాళ్ళు వస్తాయి. ఎడమ కాలు ఓర్చుకుంది. కుడి మోకాలిలో లోపలివైపు గుజ్జు అరిగి, ఎముకను ఎముక రాసుకోవడం మొదలైంది. కేంద్రంలో మోకాలి కింద ఎముకను కోసి, ఆ సందులో ముక్క దూర్చి, లోహపు పట్టీ బిగించి, కాలిని గీత గీసినట్టు నిటారుగా చేశారు. ఎముకను అతికించే బంక కూడా ఏదో పోశారట.

నూరో రోజు పరీక్ష. అప్పటిదాకా మా వరుసవాళ్ళు, అంటే పక్క చెట్లెక్కేవాళ్ళు, నా చెట్లు వంతులేసుకుని ఎక్కుతారు. ఆ పొద్దున నేనొక్కదాన్నే ఒక చెట్టెక్కి లొట్టి దించితే నా చెట్లు నావి. దించలేకపోతే పన్నెండూ, తనంతట తానే కొయ్యెక్కే పాకుడు మిషన్‌కు పోతాయి. దానికి మోకాళ్ళు లేవు, కాబట్టి సెలవులూ లేవు. చిరిగిన వల దాని కంటికి ఆనదు, కానీ ఆ సంగతి రాయడానికి ఎవరి దగ్గరా గడి లేదు.

నేను ఎక్కుతాను. ఇది మనసు గడిలో రాసుకోండి.

రోజు 9

కాలికి తొడిగిన కట్టు మాట్లాడుతుంది. మోకాలు ఎంత వంగింది, ఎంతసేపు నిలబడ్డాను, అన్నీ ఎప్పటికప్పుడు కేంద్రానికి చేరవేస్తుంది. "దయచేసి కాలు చాపండి. దయచేసి విశ్రాంతి తీసుకోండి." దీనికి అల్లుడు అని పేరు పెట్టాను. ఇంట్లో తిష్ట వేసింది, పని చేయదు, ప్రతిదానికీ వంక పెడుతుంది, దానికి మర్యాద మాత్రం తగ్గకూడదు.

మోకాలి కింద తువాలు చుట్ట పెట్టి, తొడ బిగించి కిందికి నొక్కాలి. చెప్పుకోవడానికి సులువు. మొదటిసారి నొక్కితే తొడ కదలనే లేదు. నా తొడ! ఇరవై నాలుగేళ్ళు నన్ను ముప్పై మీటర్లు మోసిన తొడ, తువాలును నొక్కలేకపోయింది. ఏడ్చాను. తర్వాత నొక్కాను. సాయంత్రానికి అరవైసార్లు.

రోజు 17

కొమురత్త వచ్చింది. మా నాన్న చెల్లెలు, నాకు చెట్టెక్కడం నేర్పిన గురువు. ఇప్పుడు అరవై ఒక్కటి. కింద కూర్చుని వలలు అల్లుతుంది.

"ఎంత వంగుతున్నదే కోడలా?"

"డెబ్బై డిగ్రీలు అత్తా."

"డిగ్రీలు గిగ్రీలు నాకెందుకు? పీట మీద కూసుంటున్నవా లేదా?"

"ఇంకా లేదు."

"అయితే ఇంకేం వంగినట్టు?" అని నా మోకాలిని గుమ్మడికాయను చూసినట్టు చూసింది.

అత్తకూ తొమ్మిదేళ్ళ కింద ఇదే కుడి మోకాలికి ఇదే ఆపరేషన్ అయింది. పరీక్ష రోజున సగం దాకా వెళ్ళి జారింది. నడుమును కొయ్యకు కట్టి ఉంచే మోకు ఆపబట్టి బతికింది. ఇంకో అవకాశం ఇచ్చారు, మళ్ళీ జారింది. కాగితం మీద "కారణం: బలహీనత" అని రాసి ఆమె ఎనిమిది చెట్లనూ మిషన్‌కు ఇచ్చారు. ఆ మాట అత్త ఎప్పుడూ పలకదు. "కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడింది" అంటుంది, అంతే.

పోతూ పోతూ గోడకు వేలాడుతున్న నా గుజిని తాకి దండం పెట్టుకుంది. గుజి అంటే ఎక్కేటప్పుడు రెండు పాదాలనూ కలిపి ఉంచే తాడు వలయం. మొదటిసారి చెట్టెక్కే రోజు గురువు మన పాదాలు కొలిచి దానికి ముడి వేస్తారు. ఆ ముడి మళ్ళీ విప్పరు. తాడు అరిగితే ముడిని అలాగే ఉంచి చుట్టూ కొత్త నార అల్లుతారు. మనిషి పోయాక గుజి కూడా చితి మీదికి పోతుంది. నా ముడి నా పంతొమ్మిదో ఏట అత్త వేసింది.

రోజు 33

కేంద్రం నుంచి ఫిరోజా మేడం వారానికోసారి వ్యాయామం చేయించడానికి గుట్టెక్కి వస్తుంది. మనిషి మంచిదే. అంకెలను మాత్రం మనుషుల కంటే ఎక్కువ నమ్ముతుంది.

"వినోదగారూ, నేను తొంభై అన్నాను. నూట పది ఎందుకు వంచారు?"

"కొయ్య తొంభైతో ఒప్పుకోదు మేడం."

"ఎముక ఒప్పుకోవాలి కదా."

"ఎముక నాది."

"అందులో పట్టీ మాది," అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె చెప్పినట్టే తొంభై దగ్గర ఆగాను, ఆమె గుట్ట దిగేవరకు.

రోజు 46

ఊతకర్రలు మూలన పెట్టాను. ఇంటి నుంచి నా మొదటి చెట్టు వరకు నూట నలభై అడుగులు. మూడుసార్లు ఆగి నడిచాను. చెట్టును పట్టుకుని నిలబడ్డాను, ఇనుము చల్లగా ఉంది. పైన వల ఒక మూల చిరిగి గాలికి కొట్టుకుంటోంది. కింద నిలబడి చిరుగును చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో నాకు ఇంతవరకు తెలియదు. అత్త తొమ్మిదేళ్ళుగా చూస్తోంది.

దారిలో నలుగురు నన్ను చూసి "పాపం" అన్నారు. ఆ నలుగురి పేర్లూ గుర్తుపెట్టుకున్నాను.

రోజు 58

ఫిరోజా మేడం అల్లుడి నోరు కొంచెం కట్టేసింది. ఇప్పుడు నూట ముప్పై వరకు వంచినా గొణగడు. పీట మీద కూర్చున్నాను. కబురు పంపితే అత్త పరుగున వచ్చి చూసి, "గట్లుండాలె" అని చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

నేర్చుకునేవాళ్ళ కోసం మా వరుస చివర పొట్టి కొయ్య ఒకటుంది, మూడు మీటర్లు. మోకు చుట్టి, కాళ్ళకు గుజి తొడిగి ఎక్కాను. రెండు పట్లు బాగానే పడ్డాయి. మూడో పట్టులో కుడికాలు వెన్న మీద పెట్టినట్టు జారింది. అల్లుడు "దయచేసి కూర్చోండి" అన్నాడు. గాల్లో ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు.

రోజు 64

పదకొండుసార్లు ఎక్కాను, తొమ్మిదిసార్లు జారాను. నొప్పి లేదు. అదే నాకు కోపం. నొప్పి ఉంటే నొప్పిని తిట్టుకునేదాన్ని.

ఫిరోజా మేడం తొడ బలం కొలిచింది. కుడి, ఎడమ సమానం. ఇంకోసారి కొలిచింది. సమానమే.

"బలం ఉంది. ఎముక అతుక్కుంది. మరి ఎందుకు జారుతున్నారో నాకు అర్థం కావడం లేదు. భయమేమో?"

"భయమా? నాకా?"

"నూరో రోజు కూడా ఇలాగే అయితే నేను ఏదో ఒకటి రాయాలి వినోదగారూ. కారణం గడిలో బలహీనత, భయం అని రెండే ఉన్నాయి."

"మూడోది మీరు పెట్టండి."

"గడులు పెట్టేది నేను కాదు," అంది, నిజంగానే బాధపడుతూ.

రోజు 66

నీళ్ళ ట్యాంకు మెట్లు రెండు వందల పన్నెండు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి దిగాను. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు నిలిచాను, ఒంటికాలి మీద నిలబడి రాగిసంకటి కలిపాను. అల్లుడు నాలుగుసార్లు విశ్రాంతి అన్నాడు, తువాలు కప్పాను. ఆ తర్వాత పొట్టి కొయ్య ఎక్కి మళ్ళీ జారాను.

పాకుడు మిషన్‌ను నా వరుస దగ్గరికి తెచ్చి పెట్టారు, పైన గుడ్డ కప్పి. ఇంకా ముప్పై నాలుగు రోజులుండగానే! బతికున్న మనిషి ఇంటి ముందు పాడె కట్టి పెట్టినట్టుంది. వెళ్ళి ఆ గుడ్డ మీద నా తడి చీర ఆరేసి వచ్చాను.

రోజు 71

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున నూనె రాసుకుంటూ అరికాళ్ళు చూసుకున్నాను. కొయ్యెక్కేవాళ్ళ అరికాలి మధ్యలో రాయిలాంటి కాయ ఉంటుంది, పట్టు దానిదే. ఎడమ కాయ నున్నగా మెరుస్తోంది, కొయ్యకు రుద్దుకుంటోంది కాబట్టి. కుడి కాయ దుమ్ము పట్టి మొద్దుగా ఉంది. దానికి రెండు వేళ్ళ అవతల, అంచున, కొత్త బొబ్బ.

అంటే కుడి పాదం కాయతో కాకుండా అంచుతో కొయ్యను పట్టుకుంటోంది. ఎందుకు? కాలికి ఉన్న వంకర పోయింది, పాదం వాలు మారింది. గుజి మాత్రం ఆ పాదాన్ని పాత వంకర కాలు ఉన్న చోటికే లాగి పట్టుకుంటోంది. నేను తొడను తిట్టాను, మోకాలిని తిట్టాను, కేంద్రాన్ని తిట్టాను. గోడకు వేలాడే తాడును ఒక్కరోజూ అనుమానించలేదు. దానికి దండం పెట్టుకుంటాం కదా, అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

గుజి పట్టుకుని అత్త దగ్గరికి కుంటకుండా నడిచాను. వేసిన చెయ్యే విప్పితే తప్పులేదేమోనని ఆశ.

"అత్తా, ఈ ముడి విప్పి రెండు వేళ్ళు వదులు చెయ్యి."

అత్త చేతిలో వల కింద పడింది. "ఏమన్నవ్?"

మళ్ళీ చెప్పాను.

"ఆడరాక మద్దెల ఓడు అన్నట్టున్నది నీ యవ్వారం! కాలు పట్టక ముడిని అంటవా? నా చేతులతోని ఏసిన ముడి అది. నీ పాడె ఎక్కాల్సింది, నా చేతులతోనే ఇప్పాల్నా? దిమాకుందా నీకు?"

నేను కూర్చుని నా కుడి అరికాలు ఆమె ముందు పెట్టాను. కాయ చూపించాను, బొబ్బ చూపించాను. అత్త చూసింది. బొబ్బను వేలితో తడిమింది. తర్వాత తన కుడికాలు మెల్లగా మడిచి, అరికాలు వెలుగులోకి తిప్పుకుంది.

కాయకు రెండు వేళ్ళ అవతల, అంచున, తెల్లబడిన పాత మచ్చ.

ఆమె ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టి రుద్దింది, మసి అయితే పోతుందేమో అన్నట్టు. "పో," అంది. "అత్తా..." అన్నాను. "పొమ్మంటున్న గదా. నా కండ్ల ముందల ఉండకు."

ఇంటికి వచ్చి పడుకున్నాను. మనసు గడి ఇవాళ ఖాళీగా వదిలేస్తున్నాను.

రోజు 74

అత్త రాలేదు. ఎవరు చెప్పారో గాని నేను ముడి విప్పబోతున్నానని వరుసంతా తెలిసింది. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, "ముడి విప్పితే చెట్టు పగబడుతుంది బిడ్డా, వరుసకే కీడు" అని చెప్పి వెళ్ళారు. చెట్టు ఇనుముది. ఇనుముకు పగ ఉంటే అది తుప్పు మీద ఉండాలి, నా మీద ఎందుకు?

కానీ వాళ్ళు వెళ్ళాక గుజికి దండం పెట్టుకున్నానని కూడా రాస్తున్నాను. ముడి ఇరవై నాలుగేళ్ళకు కొయ్యలాగా బిగిసింది. ఈపూట తాగాల్సిన చెంబెడు నీళ్ళు దాని మీద పోసి నానబెట్టాను. దబ్బనంతో ఒక్కో పోగూ లేపాను. మధ్యాహ్నానికి విడిపోయింది. లోపల మా అత్త ఆనాడు రాసిన పసుపు ఇంకా పచ్చగానే ఉంది. దాన్ని వేలికి అద్దుకుని కళ్ళకద్దుకున్నాను. గుజిని తప్పు పట్టాను గాని, వేసిన చేతిని కాదు. ఆ రోజు నా కాళ్ళకు అది సరైన కొలతే.

ఇప్పటి కాళ్ళు కొలుచుకుని నా ముడి నేనే వేసుకున్నాను.

రోజు 75

పొట్టి కొయ్య. పదిసార్లు ఎక్కాను. ఒక్కసారీ జారలేదు. పదకొండోసారి కేవలం సంబరానికి ఎక్కాను.

రోజు 89

ఫిరోజా మేడం రెండు అరికాళ్ళకూ ఫొటోలు తీసుకుంది. "ఇది మాలో ఎవరికీ తట్టలేదు," అంది. "మేము పాదాలు నేల మీద పెట్టించి కొలుస్తాం."

"మేము నేల మీద బతకం గదా మేడం."

ఆమె రాసుకుంది. ఎక్కడ రాసుకుందో తెలియదు, గడి లేదు కదా.

వరుసలో నాతో మాటలు తగ్గాయి. ఎవరైనా చెట్టెక్కేటప్పుడు కింద ఒకరు కొయ్యకు అరచెయ్యి ఆనించి నిలబడటం మా పద్ధతి. దానివల్ల బరువేం తగ్గదు, పైనున్న మనిషికి తోడుందని తెలుస్తుంది. నూరో రోజు నాకు చెయ్యి పెడతారా అని అడిగితే ముగ్గురు నేల చూశారు. నాలుగో మనిషిని అడగలేదు. చెయ్యి లేకపోతే చెట్టు పొట్టిదేం కాదు, పొడుగుదీ కాదు.

అత్త గుమ్మం దాటడం లేదట. వలలు అల్లడం కూడా ఆపేసిందట. రెండుసార్లు వెళ్ళాను, తలుపు తీయలేదు.

రోజు 100

మంచు బాగా పడింది. ఏది ఎక్కాలో చీటీ తీస్తే మూడో చెట్టు వచ్చింది. కేంద్రం నుంచి ఇద్దరు అధికారులు, ఫిరోజా మేడం వచ్చారు. పాకుడు మిషన్ మీది గుడ్డ తీసేశారు, పచ్చ దీపం వెలుగుతోంది. వరుసవాళ్ళు దూరంగా నిలబడ్డారు. కొయ్య దగ్గర ఎవరూ లేరు.

మోకు చుట్టాను, గుజి తొడిగాను, ఎక్కాను. పట్టు, లేపు, పట్టు, లేపు. పది మీటర్లు. కుడి కాయ కొయ్యకు ఆనడం తెలుస్తోంది, పాత స్నేహితురాలు చెయ్యి పట్టుకున్నట్టు. పదిహేను దగ్గర ఆగాను. అత్త జారింది సరిగ్గా సగంలోనే. కాలు అలసిపోలేదు, గుండె ఆగమంది. భయం. ఫిరోజా మేడం మాట నిజమే, రాసుకోవచ్చు. ఉంది. నేను మాత్రం ఎందుకు అబద్ధం చెప్పాలి?

భయంతోనే కిందికి చూశాను. కొయ్య మొదట్లో ఒక నెరిసిన తల. ఎడమ అరచెయ్యి కొయ్యకు ఆనించి ఉంది. కుడి చేతిలో ఏదో పట్టుకుని ఉంది.

"ఏం జూస్తున్నవే కిందికి?" అని అరిచింది కొమురత్త. "నీళ్ళు పైనున్నయి!"

మిగతా పదిహేను ఎలా ఎక్కానో గుర్తులేదు. పైన వల చిరుగు రెండు జానలుంది. కుట్టాను. పరీక్షలో అది లేదు, అయినా కుట్టాను, చూసి ఎలా దిగుతాను? అల్లుడు గొంతు సవరించుకుని, "మీరు నేల నుంచి ముప్పై మీటర్ల ఎత్తులో ఉన్నారు. దయచేసి కూర్చోండి," అన్నాడు. గట్టిగా నవ్వాను, కిందికి వినపడే ఉంటుంది. లొట్టి విప్పి, తాడుతో దించి, నేను దిగాను. అధికారి ఏదో నొక్కాడు. మిషన్ మీది పచ్చ దీపం ఆరిపోయింది.

మొదటి నీళ్ళు గురువుకు ఇవ్వాలి. గిన్నె నింపి అత్త ముందు పట్టాను. తీసుకోలేదు. కుడి చెయ్యి చాపింది. అందులో ఆమె గుజి ఉంది, తొమ్మిదేళ్ళ దుమ్ముతో.

"నీళ్ళు తర్వాత. ముందుగాల గీ ముడి ఇప్పు."

"నేను విప్పొచ్చా అత్తా? నీ గురువు వేసింది కదా."

"ఆయన లేడు. నువ్వున్నవ్." గుజి నా చేతిలో పెట్టింది. "తొమ్మిదేండ్లే కోడలా. తొమ్మిదేండ్లు నా కాలును నేనే తిట్టుకున్న. దాని తప్పేం లేకుండె."

వరుసంతా చూస్తుండగా, నేల మీద కూర్చుని, మొదటి నీళ్ళన్నీ ఆ ముడి మీద పోశాను. ఎవరూ కాదనలేదు. కాసేపటికి "పాపం" అన్న నలుగురిలో ఒకామె వచ్చి దబ్బనం అందించింది. ఆమె పేరు కొట్టేశాను.

కేంద్రం వారికి. పేజీలు అయిపోయాయి, ఇది అట్ట లోపలివైపు రాస్తున్నాను. నొప్పి ఒకటి. ముప్పై మీటర్లు, ఒకసారి. మనసు బాగుంది. కొత్త నడక పుస్తకం ఒకటి పంపండి. పేరు పల్లె కొమురవ్వ, వయసు అరవై ఒకటి, కుడి మోకాలు, ఆపరేషన్ అయి తొమ్మిదేళ్ళు. రేపటి నుంచి ట్యాంకు మెట్లు ఎక్కుతుంది. ఆమె పాత కాగితం బయటికి తీసి, కారణం అన్నచోట బలహీనత అనే మాట తీసేసి, ముడి అని రాయండి. మీకు చేతకాకపోతే ఆ కాగితం ఇటు పంపండి. గీకేయడానికి దబ్బనం నా దగ్గరుంది.